పోసక్కతో మాట్లాడమన్న సలోమి టీచర్

సలోమి టీచర్ పోయారన్న కబురు నాకు పొద్దున పూట, వడ్ల కాంటా దగ్గర నిలబడి హమాలీలతో వాదిస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది నస్పూర్ నుంచి ఆమె తమ్ముడి కోడలు; నాలుగు రోజులు ఉండి వద్దామని టీచర్ వాళ్లింటికి వెళ్లారు. "ఆంటీ పొద్దుగాల లేవలే అక్కా. ఎట్ల పన్నదో గట్లనే ఉన్నది" అంది ఆ అమ్మాయి ఏడుస్తూ. దానికి నేనన్న మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "గిప్పుడా?" అన్నాను. మండల ఎన్నికలు దగ్గరపడుతున్నాయి, ఈసారి ఆమె పక్కన ఉంటే గట్టెక్కుతానని లెక్కలు వేసుకుంటున్నాను. నా స్వార్థం ముందు నోరు విప్పింది. దుఃఖం ఆ తర్వాత, బస్సులో, పెద్దపల్లి దాటాక వచ్చింది.

అకాల మరణం అని రాయలేను. డెబ్బై దాటిన మనిషి. రక్తపోటు ఉంది. మాత్రలు మరిచిపోయే రకం కాదు, మానేసే రకం. "గవి ఏసుకుంటే నిద్రొస్తది, నిద్రొస్తే పేపర్ చదవరాదు" అనేవారు. ఎంత చెప్పినా వినలేదు. ఇతరులకు జీవితమంతా సలహాలిచ్చి, తనకిచ్చిన ఒక్క సలహా కూడా పాటించకుండా వెళ్లిపోయిన మనిషి గురించి ప్రశాంతంగా రాయడం నావల్ల కావడం లేదు. చదివేవాళ్లు మన్నించాలి.

మరునాడు పత్రికలో నాలుగు వాక్యాల వార్త వచ్చింది. ఆదర్శ ఉపాధ్యాయురాలు, క్రమశిక్షణకు మారుపేరు, పలువురి సంతాపం. అబద్ధం కాదు. శ్రీరాంపూర్ గనిలో బొగ్గు తవ్విన కార్మికుడి పెద్ద కూతురు ఆమె. మిషన్ బడిలో చదువుకుని, టీచర్ ట్రైనింగ్ చేసి, సుల్తానాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక కూడా మా ఊళ్లోనే ఉండిపోయారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "టైం దొరకలే" అని నవ్వేవారు. మా మండలంలో చదువుకున్న ఆడపిల్లల్లో చాలామంది ఆమె చేతి దెబ్బ తిన్నవాళ్లమే. ఇవన్నీ అందరికీ తెలిసినవే. కానీ మా ప్రాంతంలో ఎన్నికల రాజకీయం ఆమెకు అర్థమైనట్టు ఇంకెవరికీ అర్థం కాలేదన్న సంగతి ఏ పత్రికా రాయలేదు. ఆ లోటు పూడ్చడానికే ఈ వ్యాసం.

ఆ విద్య ఆమెకు ఏ పార్టీ ఆఫీసులోనూ అబ్బింది కాదు. ప్రభుత్వ టీచర్లకు ఎన్నికల డ్యూటీ తప్పదు కదా. ప్రతి ఎన్నికలోనూ ఏదో ఒక పోలింగ్ బూతులో రోజంతా కూర్చుని, వచ్చే ఆడవాళ్ల వేళ్లకు సిరా పూస్తూ, ఆమె మనుషులను చదివారు. ఒకసారి ఒక ముసలమ్మ ఓటు వేయడానికి వస్తే, ఆమె భర్త గుమ్మం దగ్గరే నిలబడి ఏ గుర్తుకు వేయాలో గట్టిగా చెబుతున్నాడట. టీచర్ లేచి వెళ్లి, అతన్ని వెనక్కి పంపి తలుపు దగ్గరగా వేసి, "అవ్వా, ఇప్పుడు లోపట నువ్వూ గా మిషనూ. నీ మొగడు బయటి మనిషి. నీ మనసుల ఎవలుంటే ఆళ్లకెయ్యి" అన్నారట. ముసలమ్మ అయిదు నిమిషాలు బయటికి రాలేదట. ఆ అయిదు నిమిషాల గురించి టీచర్ నాకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటారు. "ఆమె అప్పటిదాకా సోచాయించలే వసంతా. ఎవలన్న సోచాయించనిస్తే గదా!" అనేవారు. ఆలోచించడాన్ని ఆమె సోచాయించడమనే అనేవారు.

నా సంగతికి వస్తాను. గత ఎన్నికల్లో మా మండల అధ్యక్ష పదవి మహిళలకు రిజర్వయింది. మాది భూములున్న కుటుంబం. మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, ఇరవై ఏళ్లుగా ఆ కుర్చీ మీద కన్నేసి ఉన్నారు. తీరా చేతికందే వేళకు అది ఆడవాళ్లకు పోయింది. ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "వసంతా, నువ్వు నిలబడుతున్నవ్" అన్నారు. నిలబడతావా అని అడగలేదు. నేనూ కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకూ కోరిక ఉంది. మా మండలంలో ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలు బస్సు లేక బడి మానేస్తుంటే చూస్తూ పెరిగాను. ఆ కుర్చీలో కూర్చుంటే ఆ బస్సు కోసం కొట్లాడాలని నా మనసులో ఉండేది. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్క సలోమి టీచరే.

నా పేరు ప్రకటించిన మూడో నాడు ఊరి చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ సాయంత్రమే టీచర్ మా ఇంటికి వచ్చారు, చేతిలో బడి నాటి చెక్క స్కేలుతో. "నడువ్" అన్నారు. నన్ను చౌరస్తాకు తీసుకెళ్లి, పక్కనున్న పాన్ డబ్బా స్టూలు తీసుకుని, దానిమీదెక్కి, ఆ వయసులో, ఫ్లెక్సీ మీద బొమ్మలను కొలవడం మొదలుపెట్టారు. బావగారి మొఖం స్కేలుకు మూడింతలుంది. మా ఆయనది స్కేలంత. నాది, కింద ఎడమ మూలన, స్కేలులో సగం కూడా లేదు. జనం పోగయ్యారు. టీచర్ స్టూలు మీది నుంచే అడిగారు, "ఓట్లకు నిలబడ్డది ఎవలే?" నేను సిగ్గుతో చచ్చిపోయాను. "టీచర్, దిగుండ్రి, మంది చూస్తుండ్రు" అన్నాను. "చూడనియ్. చూసేటందుకే గదా కట్టిండ్రు" అన్నారు. ఫ్లెక్సీ మారలేదు. బావగారు మాత్రం ఆమె పేరెత్తితే మొహం చిట్లించడం నేర్చుకున్నారు.

మా ఊరి నుంచి మండల సభ్యురాలిగా నేను గెలిచాను. అసలు పోరు తర్వాతే. మండల అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు. జనం గెలిపించిన సభ్యులు ఒక గదిలో కూర్చుని చేతులెత్తి ఎన్నుకుంటారు. మా మండలానికి పదకొండు మంది సభ్యులు. ఆరు చేతులు లేస్తే గెలుపు. నాతో కలిపి అయిదు చేతులు ఖాయం. ఆరోది పోసక్కది. మండలం కొసాన ఉన్న చిన్న ఊరు నుంచి ఏ పార్టీ లేకుండా స్వతంత్రంగా గెలిచిన మనిషి. ఆమె అత్తమామలు మా పొలాల్లో నాట్లు వేసినవాళ్లు. ఆమె భర్త పేరు రాజయ్య, ట్రాక్టర్ డ్రైవర్.

బావగారూ నేనూ కారులో వాళ్లింటికి వెళ్లాం. వాకిట్లో రెండు కుర్చీలు వేయించాడు రాజయ్య. మాటలన్నీ ఆయనతోనే జరిగాయి. "మీరు ఫికర్ చెయ్యకుండ్రి దొరా. మా దాని చెయ్యి మీదే" అన్నాడు. తలుపు వెనక పోసక్క కొంగు కనిపించింది, మొఖం కనిపించలేదు. నేను సంతోషంగా టీచర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ అడిగారు.

"పోసక్కతో మాట్లాడినవా?"

"రాజయ్య మాటిచ్చిండు టీచర్."

"నేనడిగింది రాజయ్య గురించి గాదు. సరే, ఆళ్లింట్ల ఏం తాగినవ్?"

"కూల్ డ్రింక్."

"సీలు తీసి తెచ్చిండ్రా, నీ ముంగట తీసిండ్రా?"

నా ముందే తీశారు. మా ఇళ్ల వాళ్లు వెళ్తే, వాళ్లింట్లో వండినవీ కాచినవీ ముట్టరని, దుకాణం నుంచి సీలు వేసిన సీసా తెప్పించి మా ఎదురుగానే మూత తీస్తారు. అది మర్యాద అని మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఎన్నడూ నేను దాని గురించి ఆలోచించలేదు. టీచర్ చిక్కుడుకాయలు పక్కన పెట్టారు. "చెయ్యెత్తే గదిలకు రాజయ్య రాడు బిడ్డా. మళ్ల పో. ఒక్కదానివే పో. ఇంట్లకు పొయ్యి కూసో. ఆమె చేతి చాయ్ తాగు. 'నాకు చెయ్యెత్తుతవా పోసక్కా' అని నీ నోటితోని అడుగు. 'తప్పకుండ' అంటె జర భయపడు. అది నిన్ను పంపియ్యనీకి అనే మాట. 'సూద్దాం' అంటె సంబరపడు. 'సూద్దాం' అన్నదంటే సోచాయిస్తున్నదన్నట్టు."

వెళ్లాలనే అనుకున్నాను. మరునాడే బావగారు క్యాంపు పెట్టారు. అవతలివాళ్లు లాక్కోకుండా మన సభ్యులను ఎన్నిక దాకా దూరంగా ఎక్కడో దాచి ఉంచడాన్ని క్యాంపు అంటారు. పోసక్కతో కలిపి అయిదుగురు సభ్యులనూ, వాళ్ల భర్తలనూ, నన్నూ మినీ బస్సెక్కించి హైదరాబాద్ అవతల ఒక రిసార్టుకు తీసుకెళ్లారు. సభ్యుల ఫోన్లన్నీ వసూలు చేసి ఒక సంచిలో వేశారు. మగవాళ్లు చెట్ల కింద పేకాట, ఆడవాళ్లు గదుల్లో టీవీ. అభ్యర్థిని కనుక నా ఫోను మాత్రం నా దగ్గరే ఉంది. టీచర్ రోజూ ఫోన్ చేసేవారు. రోజూ అదే ప్రశ్న. "పోసక్కతో మాట్లాడినవా?" నేను రోజూ ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. నిజానికి ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు. వాళ్ల ఆడవాళ్లతో "బాగున్నవా, పిల్లలెట్లున్నరు" అన్నది దాటి నేనెప్పుడూ మాట్లాడి ఎరగను.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె గొంతు వేరేగా ఉంది.

"వసంతా, పోసక్కతోని ఇంటికి ఒక్క ఫోన్ చేయించు. ఇయ్యాల్నే."

"ఏమైంది టీచర్?"

"పరేషాన్ కావాల్సింది ఏం లేదు, మంచి ముచ్చటే. గని తల్లి ఇనాల్సిన ముచ్చట. నీ ఫోన్ తీస్కపోయి ఆమె చేతుల పెట్టు. ఇంకెవల చేతులా గాదు."

నేను ఫోన్ పట్టుకుని బయటికి వచ్చాను. పోసక్క గది ఎదురుగానే ఉంది, ఇరవై అడుగుల దూరం. మధ్యలో చెట్టు కింద రాజయ్య పేకాడుతున్నాడు. "రాజయ్యా, ఇంటికి ఫోన్ చేయమంటున్నరు, టీచర్ చెప్పింది" అన్నాను. "నేను చూస్కుంట అమ్మా, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు ముక్కలు చేతిలో పట్టుకునే. నేను వెనక్కి వెళ్లిపోయాను. పని అయిపోయిందనే అనుకున్నాను. ఆ ఇరవై అడుగులు నేను నడవలేదు.

ఎన్నిక రోజు మండల కార్యాలయం గేటు దగ్గర బస్సు దిగాం. భర్తలనూ బావగార్లనూ పోలీసులు బయటే ఆపేశారు. లోపల పదకొండు కుర్చీలు, ఒక అధికారి. నా పేరు చదివారు. అయిదు చేతులు లేచాయి. నేను పోసక్క వైపు చూశాను. ఆమె రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. అవతలి ఆమె పేరు చదివినప్పుడు పోసక్క చెయ్యి అందరికంటే ముందు లేచింది. బయట రాజయ్యను మా వాళ్లు కొట్టబోతే పోలీసులు అడ్డుపడ్డారు.

ఆ రాత్రి నుంచి నేనన్న మాట ఒక్కటే. పోసక్క అమ్ముడుపోయింది. పెళ్లిళ్లలో అన్నాను, బారసాలల్లో అన్నాను, మార్కెట్ యార్డులో అన్నాను. టీచర్ దగ్గరికి వెళ్లి కూడా అదే అన్నాను. "ఫోన్ చేయించుమన్న గదా. ఎవలకు చెప్పినవ్?" అన్నారు. "రాజయ్యకు" అన్నాను. "నేనెవలకు చెప్పుమన్న?" నాకు కోపం వచ్చింది. ఓడిపోయి వచ్చిన మనిషి చేత పాఠం అప్పజెప్పించుకునే సమయమా అది? అసలు ఆ ఫోన్ ఎందుకో చెప్పమన్నాను. "అది ఆళ్లింటి ముచ్చట. నేను చెప్పరాదు. నువ్వే పొయ్యి అడుగు" అన్నారు. నేను లేచి వచ్చేశాను. ఏడాదిపాటు ఆమె గడప తొక్కలేదు.

తర్వాత మళ్లీ కలిశాం. ఆమెతో శాశ్వతంగా తెగతెంపులు చేసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. కానీ నేను వెళ్లిన ప్రతిసారీ, మంచినీళ్లు ఇచ్చాక మొదటి మాట అదే. "పోసక్క దగ్గరికి పోయినవా?" లేదనేదాన్ని. ఆమె ఇంకేం అనేవారు కాదు. ఆ మొండితనం మీద నాకు ఈ రోజుకూ కోపమే. ఒక్క వాక్యం చెప్పి ఉంటే నా నోటికి అయిదేళ్ల పాపం అంటుకునేది కాదు కదా! ఒకసారి విసిగిపోయి, "ఇంత తెలిసిన మనిషి మీరే ఎందుకు నిలబడలే టీచర్?" అని నిష్ఠూరమాడాను. ఆమె కళ్లద్దాలు తుడుచుకుంటూ మామూలుగానే అన్నారు, "నన్నెవలడిగిండ్రు?" నిజమే, ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

నస్పూర్ మిషన్ శ్మశానంలో మట్టి వేస్తున్నప్పుడు నా పక్కన ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి నిలబడలేకపోతోంది. తమ్ముడి పిల్లలకంటే ఎక్కువగా ఏడుస్తోంది. ఆమె భుజం పట్టుకుని ఉన్నది పోసక్క. నన్ను చూసి తల తిప్పుకుంటుందనుకున్నాను. అందరూ గేటు వైపు నడుస్తుంటే ఆమే దగ్గరికి వచ్చింది.

"అమ్మా, టీచర్ పోయింది గనుక చెప్తున్న. గిప్పుడు నా బిడ్డ కూడ చెప్పుమన్నది. మీరు మమ్ములను దాచిపెట్టిన మూడో నాడు నా బిడ్డ పెద్దమనిషైంది. ఇంట్ల మా అత్త తప్ప ఎవలు లేరు. పిల్ల బుగులువడి ఏడుస్తాంటె, మా అత్త కబురు పంపితే టీచరొచ్చి కూసున్నది. చెప్పాల్సినవన్ని చెప్పింది. మీకు ఫోన్ చేసిన్నన్నది. నా మొగడు ఇంటికి ఫోన్ చేసిండు, ఎరికుండి నాకు చెప్పలే. చెప్తే నేనింటికి పోతనంటనని."

"నాకు తెల్వదు పోసక్కా" అన్నాను.

"తానం గూడ అయిపోయింది, తల్లి లేకుంటనే. ఓట్ల నాడు గేటు కాడ మా ఊరామె చెప్తె తెలిసింది. గప్పుడే లోపటికి పిలిచిండ్రు. నేను పైసా ముట్టలే అమ్మా. మీరు అందరికీ చెప్పింది నాకు తెలుసు. టీచర్ అన్నది, 'వసంత వస్తది, తనే అడుగుతది, జర ఆగు' అని. అయిదేండ్లు ఆగిన. మీరు రాలే."

క్షమించమని నేను అన్నానో లేదో కూడా నాకు జ్ఞాపకం లేదు. ఆ అమ్మాయి మొఖం వైపు చూడలేక మట్టి వైపు చూశాను. కొత్త మట్టి కింద పడుకున్న మనిషి మీద ఆ క్షణాన నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. అంతకంటే ఎక్కువ కోపం నా మీద.

పదో రోజున మా ఊళ్లో సంతాప సభ జరిగింది. ఫ్లెక్సీ కట్టారు. టీచర్ బొమ్మ పైన ఒక గుండ్రటి వలయంలో చిన్నగా ఉంది. కింద సంతాపం తెలిపే నాయకుల మొఖాలు వరుసగా, పెద్దవిగా ఉన్నాయి. వాటిలో బావగారిది మధ్యలో ఉంది. ఎనిమిది మంది మాట్లాడారు, అందరూ మగవాళ్లే. "టీచరమ్మ మా కుటుంబ శ్రేయోభిలాషి" అని బావగారు గద్గద స్వరంతో చెప్పారు. నన్ను రెండు మాటలు మాట్లాడమని చివర్లో పిలిచారు. నేను లేచి, "టీచర్ చెక్క స్కేలు ఎవరి దగ్గరున్నది?" అని మైకులో అడిగాను. సభలో ఆడవాళ్లు కొందరు పకపకా నవ్వారు. బావగారు నవ్వలేదు. ఆ ఫ్లెక్సీని ఆ సాయంత్రమే దగ్గరుండి దింపించాను.

ఆమె వంటి గురువు లభించడం మా మండలం ఆడవాళ్ల అదృష్టం. ఆ గురువు చెప్పింది సకాలంలో వినకపోవడం నా దౌర్భాగ్యం. బడిలో ఆమె నాకు నేర్పిన లెక్కలూ వ్యాకరణమూ నిలిచాయి. ఎదురుగా ఉన్న మనిషిని ఆ మనిషినే అడగాలన్న ఒక్క పాఠం తలకెక్కడానికి మాత్రం ఆమె ప్రాణం పోవాల్సి వచ్చింది. ఇక ఎన్నికలొస్తే ఎవరి వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ తిట్లు తినాలి? ఆ లోటు మరొకరు తీర్చగలిగేది కాదు.

మొన్న ఆదివారం పోసక్క ఇంటికి వెళ్లాను. ఒక్కదాన్నే, ఆటోలో. రాజయ్య కుర్చీ తెస్తుంటే వద్దని లోపలికి పోయి పొయ్యి పక్కన పీట మీద కూర్చున్నాను. రాజయ్య కూల్ డ్రింక్ కోసం దుకాణానికి బయలుదేరబోతే పోసక్క నా వైపు చూసి, అతన్ని ఆగమని, చాయ్ పెట్టింది. అల్లం ఎక్కువైంది. మొత్తం తాగాను. అప్పుడు అడిగాను.

"నేను మళ్ల నిలబడుతున్న పోసక్కా. నువ్వు గెలిస్తే, నాకు చెయ్యెత్తుతవా?"

ఆమె గ్లాసు తీసుకుని, కడిగి, బోర్లించింది. తొందరేమీ పడలేదు.

"సూద్దాం అక్కా" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోవాడు నేను చెప్పకముందే అలవాటు కొద్దీ టీచర్ ఇంటి ముందు ఆపాడు. తలుపుకు తాళం వేసి ఉంది. దిగకుండా అక్కడే కాసేపు కూర్చున్నాను. ఆమె ఉంటే మంచినీళ్లిచ్చి మొదట ఏమడిగేవారో నాకు తెలుసు: "గా మాట ఎవలకు చెప్పింది, నీకా, రాజయ్యకా?"

నాకే, టీచర్.